నాకు మతికుంది: ‘అమార్కోర్డ్’ సినిమా మీద భిన్నాభిప్రాయాలు



ఈనాటి ప్రసంగంలో ఒక ఇటలీ సినిమాను గురించి నాలుగు మాటలు చెబుతాను. సినిమా పేరు ‘అమార్కోర్డ్’. 1973లో వచ్చింది. తీసినవారు ఫెడెరికో ఫెల్లీనీ. 1975లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ బహుమతి అందుకుంది. యాభై ఏళ్లు దాటిపోయినా, ఈ సినిమా చూసినవాళ్లు రెండు పక్షాలుగా చీలి వాదించుకోవడం ఆగలేదు. ఇంత ఆప్యాయంగా ఒక ఊరిని చూపించిన సినిమా మరొకటి లేదని ఒక పక్షం అంటుంది. కథా లేదు, కమామీషూ లేదు, రెండు గంటలు కూర్చోబెట్టి ఊరి కబుర్లు చెప్పి పంపించాడని రెండో పక్షం అంటుంది. ఎక్కడి ఇటలీ, ఎక్కడి మనం అని అనుకోకండి. ఈ వాదంలో మనకు పనికివచ్చే సంగతి ఒకటుంది. దాని దగ్గరికి నెమ్మదిగా వద్దాం.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ‘అమార్కోర్డ్’ అనేది ఇటలీ బడుల్లో నేర్పే ఇటాలియన్ మాట కాదు. ఇటలీకి తూర్పు వైపున, అడ్రియాటిక్ సముద్రం ఒడ్డున రొమాన్యా అనే ప్రాంతం ఉంది. అక్కడి జనం ఇంట్లో మాట్లాడుకునే మాటలోంచి తీసిన పేరు ఇది. ‘నాకు గుర్తుంది’ అని అర్థం. మా బళ్లారి వైపు ముసలివాళ్లు ‘నాకు మతికుంది’ అంటారు చూడండి, సరిగ్గా అలాంటి మాట. పుస్తకాల్లో కనిపించదు గానీ, వినగానే ఇంటి అరుగు కళ్ల ముందు నిలుస్తుంది.

ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగిన మనలాంటివాళ్లకు ఆ పేరు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఈ సినిమా కథ జరిగేది 1930ల్లో. అప్పుడు ఇటలీని ఏలినవాడు ముస్సోలినీ. దేశానికంతా ఒకే భాష, ఒకే గొంతు ఉండాలని ఆ పాలన పట్టుబట్టింది. ఊళ్లల్లోని ఇంటి మాటలను బడి గడప దాటి లోపలికి రానివ్వకూడదన్నది వాళ్ల విధానం. అలాంటి కాలాన్ని చూపించే సినిమాకు, అలా గడప బయట నిలబెట్టిన మాటనే పేరుగా పెట్టారు. ఈ సినిమా రచనలో ఫెల్లీనీకి తోడు నిలిచినవారు టొనీనో గ్వెర్రా. ఆయనదీ ఆ ప్రాంతమే. ఇద్దరూ 1920లోనే పుట్టారు. గ్వెర్రా రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల నిర్బంధ శిబిరంలో చిక్కుకున్నప్పుడు, తోటి ఖైదీలకు తమ ఊరి మాటలో పద్యాలు కట్టి వినిపించేవారు. అక్కడి నుంచే ఆయన కవి అయ్యారు. కష్టకాలంలో ఏ భాష నోటికి వస్తుందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఇక సినిమాలో ఏముందో చెబుతాను. ఫెల్లీనీ పుట్టిపెరిగిన ఊరు రిమిని. దానిని పోలిన సముద్రపు ఒడ్డు ఊరొకటి. అందులో టిట్టా అనే కుర్రవాడు. పదిహేనేళ్లు అటూ ఇటూ ఉంటాయి. తండ్రి ఔరేలియో ఇళ్లు కట్టించే మేస్త్రీ, ముక్కోపి. తల్లి మిరాండా. భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ కేకలు వేసుకోని పూట లేదు. తాతగారు, తమ్ముడు, ఏ పనీ చెయ్యకుండా అక్క ఇంట్లో తిని తిరిగే మేనమామ లల్లో. ఇదీ కుటుంబం. ఊరందరి కళ్లూ తన మీదే ఉండేలా ఎర్రటి దుస్తుల్లో నడిచి వెళ్లే గ్రదీస్కా అనే యువతి ఉంది. ఆమెకు పెళ్లి కాలేదు. వయసు ముప్ఫై దాటుతోంది. కథ చెప్పడానికి ఒక లాయరుగారు మధ్య మధ్య వచ్చి ఊరి చరిత్ర అందుకుంటారు. ఆకతాయిలు ఆయనను మాట పూర్తిచెయ్యనివ్వరు.

సినిమా వసంతంలో మొదలవుతుంది. మన జిల్లేడు కాయ పగిలితే దూది గాలిలో తేలిపోతుంది కదా, అలాంటి తెల్లటి పింజలు ఊరంతా ఎగురుతుంటాయి. చలికాలం పోయిందని జనం వీధుల్లోకి వస్తారు. ఆ రాత్రి కట్టెలు పేర్చి, చలికాలపు ముసలిదాని బొమ్మను పైన కూర్చోబెట్టి తగలబెడతారు. మన కామదహనం చూసినవాళ్లకు ఆ మంట కొత్తగా కనిపించదు. అక్కడి నుంచి ఒక్కో ముచ్చటే వస్తుంది. బడి, పాఠాలు, అల్లరి. చర్చిలో పిల్లల పాపనివేదన. ముస్సోలినీ పార్టీ పెద్ద ఊరికి రావడం. పిచ్చాసుపత్రిలో ఉన్న బాబాయిని ఒక్క రోజు బయటికి తీసుకువెళితే ఆయన చెట్టెక్కి దిగనని మొండికెయ్యడం. రాత్రివేళ సముద్రం మీద పెద్ద ఓడను చూడడానికి ఊరు ఊరంతా పడవలెక్కి వెళ్లడం. పొగమంచు. ఆ తరువాత ఎన్నడూ ఎరగనంత హిమపాతం. తల్లి జబ్బు, చావు. చివరికి మళ్లీ వసంతం, మళ్లీ పింజలు, గ్రదీస్కా పెళ్లి. ఏడాది తిరిగి వచ్చింది, సినిమా అయిపోయింది.

మొన్న వేసవి సెలవుల్లో మేం నలుగురం ఉపాధ్యాయులం కలిసి ఈ సినిమా చూశాం. చూసిన తరువాత మూడు గంటలు వాదించుకున్నాం. ప్రపంచంలో ఈ సినిమా మీద ఎన్ని రకాల మాటలు వచ్చాయో, దాదాపు అన్నీ ఆ గదిలోనే వినిపించాయి. కనుక వాటినే వరుసగా మీ ముందు పెడతాను.

మొదటి మాట లెక్కల మాస్టారుది. “ఇందులో కథ ఎక్కడుందండీ? ఒకటి మొదలుపెడతాడు, తేల్చడు. ఇంకొకటి అందుకుంటాడు. దండలో దారం లేదు” అన్నారాయన. ఈ ఫిర్యాదు కొత్తది కాదు. ఫెల్లీనీ 1953లో ‘ఐ విటెల్లోని’ అని ఇలాంటి చిన్న ఊరి కుర్రాళ్ల మీదే ఒక సినిమా తీశారు. అందులో ఐదుగురు స్నేహితుల కథ కాస్త తిన్నగా నడుస్తుంది. ‘అమార్కోర్డ్’ నాటికి ఆయన ఆ తిన్నటి దారిని పూర్తిగా వదిలేశారు.

కానీ ఒక్క విషయం గమనించమని మనవి. జ్ఞాపకం ఎప్పుడైనా కథలాగా వస్తుందా? మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పాత సంగతులు చెప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా చెప్పరు. ఒక వాసనో, ఒక మనిషి పేరో తగిలితే అక్కడి నుంచి అందుకుంటారు. హరికథలో పిట్టకథ వచ్చినట్టు ఒకదాన్లోంచి ఇంకొకటి వస్తుంది. ఈ సినిమాలో నాలుగు రుతువులే దారం.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇది నాకు రెండోసారి చూసినప్పుడు స్పష్టపడింది. ఈ ఊళ్లో ఎవరూ ఏదీ చెయ్యరు. అన్నీ వాటంతట అవే వస్తుంటాయి, జనం చూస్తుంటారు. పింజలు వస్తాయి, చూస్తారు. కార్ల పందెం ఊళ్లోంచి దూసుకుపోతుంది, చూస్తారు. రైల్లో పార్టీ పెద్ద దిగుతాడు, పరుగెత్తుకుంటూ వెళ్లి చూస్తారు. ఓడ వస్తుంది, చూస్తారు. మంచు పడుతుంది, దాని నడుమ నెమలి పురి విప్పుతుంది, నోరు తెరుచుకుని చూస్తారు. చూడడం తప్ప మరో పని ఎరగని ఊరికి, ఒకటి చేస్తే రెండోది జరిగే కథ ఎలా కుదురుతుంది? కథ లేకపోవడం ఆ ఊరి జబ్బు. దర్శకుడు ఆ జబ్బును కనిపెట్టి చూపించాడు.

రెండో మాట చరిత్ర మాస్టారుది. ఇది గట్టి అభ్యంతరం. “ముస్సోలినీ పాలన అంటే నవ్వులాటా? మనుషులను చంపారు, జైళ్లలో కుక్కారు. 1938లో యూదుల మీద జాతి చట్టాలు తెచ్చారు. 1940లో దేశాన్ని యుద్ధంలోకి దింపారు. దాన్ని పట్టుకుని ఈయన ముచ్చటైన బాల్యస్మృతిగా, పగటివేషం లాగా చూపించాడు. తియ్యటి పాకంలో విషం ముంచి ఇచ్చినట్టుంది” అన్నారు. ఇలా అన్నవారు ఆయనొక్కరే కారు. మరోవైపు, అమెరికా సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ వంటివారు ఈ సినిమాను తీపి జ్ఞాపకానికీ ఆనందానికీ ప్రతిరూపంగా మెచ్చుకున్నారు. చిత్రమేమిటంటే, తిట్టినవారికీ పొగిడినవారికీ కనిపించింది ఒకటే, తీపి. ఒకరికి అది తప్పుగా, ఒకరికి ఒప్పుగా తోచింది.

నాకు మాత్రం ఇద్దరూ ఒక ఘట్టాన్ని తేలికగా దాటిపోయారని అనిపిస్తుంది. ఆ ఘట్టం చెబుతాను వినండి.

రోమ్ నగరం పుట్టినరోజు అని ఏప్రిల్ 21ని ఆ పాలనలో పండుగ చేశారు. ఆ రోజు పార్టీ పెద్ద ఊరికి వస్తాడు. దుమ్ములోంచి, పొగలోంచి అందరూ పరుగులు. పిల్లలు కవాతు చేస్తారు. ఆడవాళ్లు కేకలు వేస్తారు. గ్రదీస్కా ఉద్వేగంతో ఊగిపోతుంది. పువ్వులతో అల్లిన ముస్సోలినీ ముఖం ఒకటి, ఇంటంత ఎత్తుది, నిలబెడతారు. టిట్టా స్నేహితుడు చిచ్చో లావుపాటి కుర్రవాడు. తనను కన్నెత్తి చూడని ఒక అమ్మాయి మీద మనసు పడ్డాడు. ఆ పూలముఖాన్ని చూస్తూ చూస్తూ, అది నోరు విప్పి తమ ఇద్దరికీ పెళ్లి జరిపిస్తున్నట్టు పగటికల కంటాడు. ఇంతవరకు నవ్వొస్తుంది.

అదే రాత్రి ఊరి గంటస్తంభం మీది నుంచి ఎవరో దాచిపెట్టిన గ్రామఫోనులో శ్రమజీవుల అంతర్జాతీయ గీతం వినిపిస్తుంది. నల్లచొక్కాలవాళ్లు బెదిరిపోయి, ఆ చీకట్లో గ్రామఫోనును తుపాకులతో కాల్చి పడగొడతారు. అదీ నవ్వే. తరువాత ఔరేలియోను పట్టుకుపోతారు. ఆయన పార్టీని ఒప్పుకోని మనిషి. పొద్దున ఆయన బయటికి వెళ్లకుండా భార్య ఇంటి గేటుకు తాళం వేసింది కూడా. అయినా తప్పలేదు. కార్యాలయంలో కూర్చోబెట్టి, మర్యాదగా మాట్లాడుతూనే, గ్లాసెడు ఆముదం బలవంతంగా తాగిస్తారు. ఆ కాలంలో నల్లచొక్కాల దళాలు నిజంగా వాడిన శిక్ష అది. ఆముదం అంటే మనకు తెలుసు. చిన్నప్పుడు అమ్మ ముక్కు మూసి పోసేది, కడుపు శుభ్రపడుతుందని. అక్కడ అదే ఆముదాన్ని మనిషి పరువు తియ్యడానికి పోశారు. ఆయన నడిరాత్రి బట్టలన్నీ పాడైపోయి, గోడలు పట్టుకుంటూ ఇంటికి వస్తాడు. రోజంతా ఆయనతో కీచులాడే భార్య నోరెత్తకుండా వేడినీళ్లు పెట్టి ఒళ్లు కడుగుతుంది. ఆయన కక్షతో ఎవరు చెప్పారో కనుక్కుంటానంటాడు. చెప్పింది సొంత బావమరిదేమోనన్న అనుమానం మనకు మిగులుతుంది.

ఇప్పుడు చెప్పండి. ఇది తీపి జ్ఞాపకమా? పొద్దున పూలముఖాన్ని చూసి ఊరితో పాటు మనమూ నవ్వాం. రాత్రికి అదే ఊళ్లో ఒక మనిషి ఒళ్లు కడుగుతున్నారు. మధ్యలో ఉన్నది ఒక్క పూటే. నియంతలు భయంకరంగా నోరు తెరుచుకుని వస్తే ఏ పిల్లవాడైనా గుర్తుపడతాడు. బాజాలతో, పువ్వులతో, పెళ్లికళతో వస్తే గుర్తుపట్టడమే కష్టం. నియంతృత్వాన్ని ఎదగని మనసుతో, తన బాధ్యత ఇంకొకరి నెత్తిన పెట్టి తాను ఎన్నటికీ చిన్నపిల్లవాడిగానే ఉండిపోవాలనే కోరికతో ఫెల్లీనీ పోల్చి చెప్పారు. చిచ్చో పగటికల అదే. నాకు పెళ్లి కావాలి, ధైర్యం లేదు, ఆ పెద్ద ముఖం చేసిపెడుతుంది.

అయితే చరిత్ర మాస్టారి మాటను పూర్తిగా తోసెయ్యలేను. ఈ సినిమా ఆగిపోయిన చోటు తరువాతే ఘోరాలు పెరిగాయి. వాటి జాడ ఇందులో లేదు. చరిత్ర తెలియని పిల్లలకు ఇదొక్కటే చూపిస్తే ముస్సోలినీ కాలం ఒక తమాషా అనుకునే ప్రమాదం ఉంది. పక్కన చరిత్ర పుస్తకం కూడా ఉండాలి.

బడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది నా వృత్తి. ఈ సినిమాలో ఉపాధ్యాయులు ఒక్కొక్కరూ ఒక్కొక్క వింత. ఒకాయన గ్రీకు అక్షరం పలకడానికి నాలుక ఎక్కడ పెట్టాలో నేర్పడమే జీవితంగా పెట్టుకున్నాడు. ఒకావిడ బిస్కెట్లు ముంచుకు తింటూ చిత్రకళ పాఠం చెబుతుంది. పిల్లలు వెనక బెంచీల్లో తమ లోకంలో తామున్నారు. పాపనివేదన వినే ఫాదరుగారి మనసు పిల్లవాడి మీద లేదు, పువ్వుల అలంకరణ మీద ఉంది. నవ్వుకుంటాం. కానీ పార్టీ పెద్ద వచ్చిన రోజు ఆ ఉపాధ్యాయులే ముందు వరసలో పరుగెత్తుతుంటారు. ఇది కల్పన కాదు. 1926లో పిల్లల కోసం బలిల్లా సంస్థ పెట్టి, వాళ్లకు యూనిఫారాలు తొడిగి కవాతు నేర్పారు. 1931లో విశ్వవిద్యాలయాల ఆచార్యులందరూ పాలనకు విధేయత ప్రమాణం చెయ్యాలన్నారు. సుమారు 1200 మందిలో కాదన్నవారు ఇరవై మంది కూడా లేరు. చదువుకున్నవారి సంగతి అది. నాలుక తిప్పడం నేర్పిన బడి, ఏ మాట ఎప్పుడు చెప్పాలో నేర్పలేదు.

మూడో మాట మా సైన్సు టీచరమ్మది. ఆవిడ చాలాసేపు మౌనంగా ఉండి, చివరికి ఇలా అన్నారు: “ఈ సినిమాలో మగవాళ్లకు మనసుంది, ఆడవాళ్లకు ఒళ్లు మాత్రమే ఉంది.” గది నిశ్శబ్దమైపోయింది. నిజమే. వోల్పీనా అనే మతి చలించిన అమ్మాయిని, పొగాకు కొట్టు నడిపే ఆవిడను, గ్రదీస్కాను కుర్రవాళ్ల చూపుతోనే చూపించారు. వాళ్ల నడక, వాళ్ల ఆకారం. అంతకు మించి వోల్పీనా ఎవరో, ఆమెకు ఏమైందో మనకు తెలియదు. దీనికి మామూలుగా చెప్పే సమాధానం, ఇది పదిహేనేళ్ల కుర్రవాడి జ్ఞాపకం కాబట్టి చూపు అలాగే ఉంటుంది అని. ఆ సమాధానం సగమే సరిపోతుంది. సినిమా తీసినవాడికి పదిహేనేళ్లు కాదు, యాభై మూడేళ్లు. కావాలంటే ఇంకొంచెం దగ్గరికి వెళ్లి చూడగలిగేవాడు.

కొన్నిచోట్ల చూశాడు కూడా. ఓడ కోసం పడవల్లో ఎదురుచూస్తున్న రాత్రి, గ్రదీస్కా తనకూ ఒక ఇల్లు, పిల్లలు, నిలిచి ఉండే ప్రేమ కావాలని కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఊరందరి కళ్లకూ పండుగలా కనిపించిన మనిషి ఒంటరి అని అప్పుడు తెలుస్తుంది. మిరాండా ఆసుపత్రి మంచం మీద కొడుకుతో మాట్లాడే తీరు కూడా అంతే. ఆ ఇద్దరూ మనుషులుగా మిగిలారు. మిగతావారు మిగల్లేదు. ఆ లోటు లోటే. టీచరమ్మ మాటకు నా దగ్గర ఎదురుమాట లేదు. ఒక హెచ్చరిక కూడా చేస్తాను. ఇది పెద్దలు చూడదగ్గ సినిమా, ఇంటిల్లిపాదీ పిల్లలతో కూర్చుని చూసేది కాదు.

ఇక నాలుగో మాట, అసలు ఇది నిజమా అని. ఫెల్లీనీ 1939లో, పందొమ్మిదేళ్ల వయసులో రిమిని వదిలి రోమ్ చేరుకున్నారు. ఈ సినిమాను రిమినిలో తియ్యలేదు. రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో ఊరిని కట్టించారు. యుద్ధంలో 1943, 1944 సంవత్సరాల్లో పడిన బాంబులకు రిమిని చాలా భాగం నేలమట్టమైంది. వెళ్లి తీద్దామన్నా ఆయన ఎరిగిన పాత ఊరు అక్కడ లేదు. టిట్టా కూడా ఫెల్లీనీ కాదు. అది ఆయన చిన్ననాటి స్నేహితుడి పేరు. ఆ స్నేహితుడు పెద్దయ్యాక అక్కడే లాయరు అయ్యాడు. సినిమాలో తల్లి చనిపోతుంది. ఫెల్లీనీ తల్లి ఈ సినిమా వచ్చాక కూడా చాలా ఏళ్లు జీవించారు. మరి ‘నాకు గుర్తుంది’ అనడం ఎలా చెల్లుతుంది?

జవాబు ఓడ ఘట్టంలో ఉంది. ఆ ఓడ పేరు రెక్స్. అది నిజంగా ఉన్న ఓడే. 1933లో అట్లాంటిక్ సముద్రాన్ని అందరికంటే వేగంగా దాటి పేరు తెచ్చుకుంది. ముస్సోలినీ పాలన గొప్పగా చూపించుకున్న ఓడ. జెనోవా నుంచి న్యూయార్క్ వెళ్లే ఓడ అది. జెనోవా పడమటి తీరంలో ఉంది, రిమిని తూర్పు తీరంలో ఉంది. సినిమాలో ఆ ఓడ వస్తుంటే జనం లేచి నిలబడి చేతులూపుతారు, కన్నీళ్లు పెట్టుకుంటారు. చూపు లేని సంగీతకారుడొకడు ఎలా ఉంది, ఎలా ఉంది అని పక్కవాళ్లను అడుగుతాడు. ఇంతా చేస్తే కింద ఉన్న సముద్రం ప్లాస్టిక్ పట్టా. వెనక ఉన్న ఓడ కట్టిన బొమ్మ. అది మనకు తెలియకుండా దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. చూడండి, ఇది కట్టినదే, మనసు ఇలాగే కడుతుంది అని చెప్పినట్టు వదిలేశారు. ఆ నిజం ఓడను 1944 సెప్టెంబరులో బ్రిటిష్ విమానాలు ముంచేశాయి. చేతులూపుతున్న జనానికి ఆ సంగతి తెలియదు. చూస్తున్న మనకు తెలుసు. కళ్ల నీళ్లూ నిజమే, ఓడ బొమ్మ కావడమూ నిజమే. రెండూ ఒకేసారి కనిపించేలా చేసినందువల్లే ఈ సినిమా గొప్పదని నా అభిప్రాయం.

ఆ రాత్రి దృశ్యం తరువాత పొగమంచు వస్తుంది. తాతగారు ఇంటి ముందుకు వచ్చి నిలబడతారు. నాలుగడుగుల దూరంలో ఉన్న తన ఇల్లు ఆయనకు కనిపించదు. చావంటే ఇదేనేమోనని ఆయనకు సందేహం కలుగుతుంది. మనుషులు లేరు, చెట్లు లేవు, ఏమీ లేదు. ఊరిని మరిచిపోవడం అంటే ఆ మంచులో నిలబడడమే. అందుకే మనుషులు జ్ఞాపకాలను అంత గట్టిగా పట్టుకుంటారు.

ఈ సినిమాను రిమిని ఊరు తనదిగా చేసుకుంది. అక్కడి విమానాశ్రయానికి ఫెల్లీనీ పేరు పెట్టారు. 1993లో ఆయన రోమ్‌లో కన్నుమూస్తే సొంత ఊళ్లోనే సమాధి చేశారు. 2021లో ఆయన పేర ఒక మ్యూజియం తెరిచారు. తమను నవ్వులపాలు చేసిన మనిషిని ఊరు నెత్తిన పెట్టుకుంది. పొగిడినందుకు కాదు, మరిచిపోనందుకు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మన తెలుగు ఇళ్లల్లో జ్ఞాపకమే పెద్ద ఆస్తి. 1953 అక్టోబరు 1న బళ్లారి మద్రాసు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. హోసూరులో, కోలారులో, బరంపురంలో, యానాంలో ఒక్కోచోట ఒక్కో చరిత్ర. ఊరు కదల్లేదు, మనుషులు కదల్లేదు, చుట్టూ ఉన్న బోర్డుల మీది భాష మారింది. అలాంటి చోట పెద్దలు చెప్పే పాత ముచ్చట్లే మన పిల్లలకు తెలుగు పాఠ్యపుస్తకం. అందుకే ఆ ముచ్చట్లు ఎలా చెబుతున్నామన్నది చిన్న విషయం కాదు.

కన్నడంలో జ్ఞాపకాన్ని ‘నెనపు’ అంటారు. తెలుగులో ‘నెనరు’ అంటే ప్రేమ, దయ. వినడానికి అక్కచెల్లెళ్లలా ఉన్న మాటలు. రెండు భాషలూ నోట్లో నానిన మనకు ఆ రెండూ కలిసే వినిపిస్తాయి. ప్రేమ లేనిదే జ్ఞాపకం నిలవదు. నిజమే. కానీ ప్రేమ ఒక్కటే ఉంటే జ్ఞాపకం సగం చెప్పి ఊరుకుంటుంది. మన పెద్దలు ఆనాటి జాతర చెబుతారు, బండ్ల మీద పెళ్లివారు వచ్చిన తీరు చెబుతారు, బావి నీళ్ల రుచి చెబుతారు. ఆ బావి దగ్గర ఎవరు దూరంగా కడవ పెట్టుకుని నిలబడ్డారో చెప్పరు. ఎవరో పోస్తే తప్ప వాళ్లకు నీళ్లు లేవని చెప్పరు. పదమూడేళ్లకు బడి మాన్పించిన అక్క ఏడ్చిందో లేదో చెప్పరు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ రోజు ఊరితో పాటు నిలబడి చూశారు, అంతే. ‘అమార్కోర్డ్’ ఊరివాళ్లలాగే.

తియ్యగా చెప్పేవాళ్లను పట్టుకుని తప్పుపట్టమని నేననను. అలా చేస్తే వాళ్లు ఆ తియ్యటి మాట కూడా చెప్పడం మానేస్తారు. పూర్తిగా నిందలతో నిండిన జ్ఞాపకాన్ని ఏ పిల్లవాడూ వినడు. ఫెల్లీనీ చేసిన పని మధ్యదారి కాదు. రెండింటినీ ఒకే చేత్తో పట్టుకున్నాడు. పింజలు ఎగిరిన ఊరూ అదే, ఆముదం తాగించిన ఊరూ అదే. ప్రేమించాడు కాబట్టే దాచలేదు.

బడిలో పిల్లలకు ‘మా ఊరు’ అని వ్యాసం రాయమంటాం. గుడి, చెరువు, సంత, జనాభా రాసి ఇస్తారు. ఈ సారి ఇంటికి వెళ్లి తాతనో అవ్వనో రెండు ప్రశ్నలు అడిగి రమ్మని చెబుదామనుకుంటున్నాను. ఒకటి, నీకు ఈ ఊళ్లో బాగా ఇష్టమైన రోజు ఏది? రెండు, చూస్తూ ఊరుకున్న రోజు ఏది? మీ ఇళ్లల్లో కూడా, తల్లిదండ్రులారా, మీ పిల్లలు అడిగితే రెండింటికీ జవాబు చెప్పండి. మన మాటలోనే చెప్పండి. రెండోదానికి జవాబు రావడానికి కాస్త సమయం పడుతుంది. వేచి ఉండమనండి.

ఈ సినిమా చివర గ్రదీస్కా పెళ్లి విందు జరుగుతుంటుంది. ఊరవతల, సముద్రం గాలిలో, పింజలు మళ్లీ ఎగురుతుంటాయి. తాగినవాళ్లు తాగుతుంటారు, అకార్డియన్ మోగుతుంటుంది. ఎవరో టిట్టా ఎక్కడ అని అడుగుతారు. వాడు ఎప్పుడో వెళ్లిపోయాడని ఎవరో బదులిస్తారు. ఊరు విడిచిన మనిషికే ఊరు పూర్తిగా గుర్తుంటుందేమో. ఊళ్లోనే ఉన్న మనం ఇంకొంచెం కష్టపడి గుర్తుపెట్టుకోవాలి.